రెక్కల బాలురు – మాల మోసేవారు
(రినైజాన్సు కళలో శిశురూపాల సంకేతార్థం: ఒక పరిశీలన)

కళలో ఏ రూపమూ ఊరికే రాదు. చిత్రంలో ఒక మూల చిన్న పువ్వు గీసినా, స్తంభం అడుగున ఒక పొట్టి మనిషిని చెక్కినా దాని వెనుక ఒక భావమూ, ఆ భావం వెనుక ఒక చరిత్రా ఉంటాయి. ఆ చరిత్ర తెలియనప్పుడు మనం బొమ్మను చూస్తాం గాని చదవలేం. ఇటలీ దేశపు రినైజాన్సు, అనగా సాంస్కృతిక పునరుజ్జీవన కాలపు కళలో ఎటు చూసినా కనబడే బొద్దు పిల్లల విషయంలో ఇది మరీ నిజం.

ఆ పిల్లలు మనకు కొత్తవారు కారు. క్రిస్మస్ కార్డుల మీద, కాలెండర్ల మీద, మిఠాయి డబ్బాల మీద కూడా వారిని చూస్తూనే ఉంటాం. అందరినీ కలిపి 'ఏంజిల్స్' అనేస్తాం. తెలుగులో చెప్పమంటే 'దేవదూతలు' అంటాం. కాని వారిలో చాలామంది దేవదూతలు కానే కారు. కొందరికి క్రైస్తవ మతంతోనే పుట్టుసంబంధం లేదు. మరి వారెవరు? చర్చిలోకీ, రాజభవనంలోకీ, సమాధుల మీదికీ ఎట్లా చేరినారు? ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల విద్యార్థికి ఆ సంగతితో ఏమి పని? ఈ మూడు ప్రశ్నలకు వీలైనంతవరకు సమాధానం చెప్పుకుందాం.

ఒకే దేహం – మూడు వంశాలు

మొదటి వంశం బైబిలుది. తెలుగు బైబిలులో 'కెరూబులు' అనే మాట ఉన్నది. ఆదాము, హవ్వలు ఏదెను తోట నుండి వెళ్ళగొట్టబడిన తరువాత జీవవృక్షానికి దారి కాసేది ఈ కెరూబులే. నిబంధన మందసం మూత మీద రెక్కలు చాచిన రెండు బంగారు కెరూబులు ఉంటాయి. యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలోనైతే వారికి నాలుగేసి ముఖాలు, నాలుగేసి రెక్కలు. ఇందులో పసితనం ఎక్కడుంది? వీరు మన గుడి వాకిట గద పట్టుకుని నిలబడే ద్వారపాలకుల వంటివారు. మెసపొటేమియా రాజభవనాల వాకిళ్ళలో నిలబెట్టిన రెక్కల వృషభాలకు వీరు చుట్టాలని చెప్పే పండితులున్నారు.

సుమారు క్రీ.శ. 500 ప్రాంతంలో డయొనీసియస్ పేరుతో వెలువడిన ఒక గ్రంథం దేవదూతలను తొమ్మిది శ్రేణులుగా విభజించింది. అందులో సెరాపులది మొదటి స్థానం, కెరూబులది రెండవది. సెరాపులు మండే ప్రేమకు, కెరూబులు జ్ఞానానికి గుర్తు. అందువల్లనే చిత్రకారులు సెరాపులకు ఎరుపు, కెరూబులకు నీలం వాడే అలవాటు ఏర్పడింది. ఫ్రెంచి చిత్రకారుడు ఝాఁ ఫుకే 1452 ప్రాంతంలో గీసిన మరియమ్మ చిత్రంలో తెల్లని తల్లి చుట్టూ నిప్పుకణికల వంటి ఎర్రని పిల్లలు, నీడల వంటి నీలి పిల్లలు కనబడతారు. రంగు తెలియకపోతే అది వింత. తెలిస్తే అది వాక్యం. కెరూబుకు చాలాసార్లు తల, రెక్కలు మాత్రమే గీయడంలో కూడా అర్థం ఉన్నది. శుద్ధజ్ఞానానికి కాళ్ళు చేతులతో ఏమి పని?

రెండవ వంశం గ్రీకులది. ప్రేమదేవత కుమారుడు ఈరోస్. రోమన్లు ఇతణ్ణి క్యూపిడ్ అన్నారు. ప్రాచీన గ్రీకు కళలో ఇతడు పిల్లవాడు కాడు, అందగాడైన యువకుడు. అలెగ్జాండరు తరువాతి కాలంలో వయసు తగ్గి పిల్లవాడైనాడు; ఒక్కడు పదిమందైనాడు. రోమన్ల రాతి శవపేటికల మీద ఈ పిల్లల గుంపులు రథాలు తోలుతాయి, ద్రాక్ష కోస్తాయి, పూలదండలు మోస్తాయి. మన మన్మథునికీ విల్లంబులున్నాయి గాని, అతడు బాలుడు కాడు. శివుని కంటిమంటకు కాలి అనంగుడైనాడు. మనవాళ్ళు కోరికకు దేహం లేదన్నారు. వాళ్ళు కోరికకు బుద్ధి ఎదగలేదన్నారు. రెండూ ఆలోచించదగిన మాటలే.

మూడవ వంశం 'స్పిరిటెల్లి'. 15వ శతాబ్దపు ఇటలీ పత్రాలలో శిల్పులు ఈ శిశురూపాలను ఇట్లా పిలిచినారు. 'చిన్న ఆత్మలు' అని అర్థం. మనిషి దేహంలో సూక్ష్మమైన ప్రాణశక్తులు తిరుగుతుంటాయని, ఉలికిపాటు, సంతోషం, మోహం వంటివి వాటి కదలికలేనని ఆనాటి వైద్యుల నమ్మకం. మన పంచప్రాణాల భావనకు ఇది దగ్గరగా ఉంటుంది. కనబడని ఆ కదలికకు కనబడే రూపం ఇవ్వాలంటే నిలకడ లేని పసివాడికన్న తగినవాడు ఎవడు?

ఈ ముగ్గురికీ కలిపి కళాచరిత్రకారులు వాడే మాట 'పుట్టో'. బాలుడని అర్థం. బహువచనం 'పుట్టి'. మన ధాన్యం కొలిచే పుట్టితో దీనికి ఏమీ సంబంధం లేదని వేరే చెప్పనక్కరలేదు!

సమాధి మీద మళ్ళీ పుట్టిన బాలుడు

మధ్యయుగాలలో ఈ రోమన్ బాలుడు దాదాపు మరుగున పడినాడు. పూర్తిగా పోలేదు. 4వ శతాబ్దంలోనే కాన్‌స్టంటైన్ చక్రవర్తి కుమార్తె శవపేటిక మీద ద్రాక్షలు కోసే పిల్లలను చెక్కినారు. అన్యమతంలో ద్రాక్ష మద్యదేవత ప్రసాదం. క్రైస్తవునికి క్రీస్తు రక్తానికి గుర్తు. రూపం పాతదే, అర్థం మారింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముందు ముందు పనికివస్తుంది.

ఇటలీలోని లుక్కా నగర ప్రభువు భార్య ఇలారియా 1405లో ప్రసవం తరువాత చనిపోయింది. చిన్న వయసు. యాకొపో దెల్లా క్వెర్చా అనే శిల్పి ఆమెకు పాలరాతి సమాధి చెక్కినాడు. పైన ఆమె నిద్రిస్తున్నట్టు ఉంటుంది. కాళ్ళ దగ్గర కుక్క. సమాధి పక్కల మీద బరువైన పూలదండను పట్టుకుని నిలబడిన రెక్కల పిల్లలు. రోమన్ శవపేటికల పద్ధతిని రినైజాన్సు శిల్పి ఇంత స్పష్టంగా తిరిగి తేవడం ఇక్కడే మొదలని చెబుతారు. బిడ్డను కని కన్ను మూసిన తల్లి చుట్టూ పసిపిల్లలు దండ మోయడం వట్టి అలంకారమని ఎవరనగలరు?

ఆ తరువాత దొనాతెల్లో వచ్చినాడు. 1429లో సియెనా నగరపు జ్ఞానస్నాన తొట్టికి కంచు బాలురను పోతపోసినాడు. 1433లో మొదలుపెట్టి ఫ్లారెన్సు పెద్ద చర్చిలో గాయకుల వేదిక మీద కేరింతలు కొడుతూ గంతులు వేసే పిల్లలను చెక్కినాడు. భక్తి అంటే తల వంచుకుని నిలబడటమే కాదు, ఆనందంతో ఎగరడం కూడా అని ఆ రాయి చెబుతుంది. భజనలో చిడతలు పట్టి గంతులు వేసే మన పల్లెవాసికి ఈ మాట విడమరచి చెప్పవలసిన పని లేదు.

చేతిలో ఏముందో చూడండి

ఒకే దేహంలో మూడు వంశాలు కలిసిపోయినప్పుడు ఎవరు ఎవరో ఎట్లా తెలుసుకోవాలి? దీనికి సులభమైన ఉపాయం ఒకటున్నది. ముఖం చూడవద్దు, ముఖాలన్నీ ఒకటే. చేతిలో ఏముందో చూడాలి.

చేతిలో విల్లంబులుంటే ప్రేమ. కళ్ళకు గంతలు కూడా ఉంటే విచక్షణ లేని ప్రేమ. బొట్టిచెల్లి 1480 ప్రాంతంలో గీసిన 'వసంతం' చిత్రంలో వీనస్ తల మీదుగా ఎగురుతూ గంతలు కట్టుకుని బాణం ఎక్కుపెట్టిన బాలుడు ఇతడే. తలకిందులు చేసిన కాగడా ఉంటే ఆరిపోయిన జీవితం. వాద్యం ఉంటే దైవస్తుతి. శిలువ గాని, మేకులు గాని ఉంటే క్రీస్తు పడబోయే బాధలకు సూచన. పుర్రె మీద మోచేయి ఆనించి సబ్బు బుడగలు ఊదుతుంటే 'మనిషి బుడగ వంటివాడు' అనే లాటిన్ సామెత. డచ్చి కళాకారుడు గోల్‌త్సియస్ 1594లో చెక్కిన ముద్రాచిత్రంలో ఈ బాలుడున్నాడు. జీవితం నీటిబుడగ అని మన తత్వాలు పాడేవారు అన్నదీ అదే. కాకపోతే వారు బుడగను చెప్పి ఊరుకున్నారు. ఈయన దానిని పసివాడి నోట ఊదించినాడు.

చేతిలో ఏమీ లేనివారు కూడా ఉన్నారు. ప్రపంచంలో అందరికన్న ప్రసిద్ధి పొందినవారు వారే. రాఫేలు 1512–13 ప్రాంతంలో రెండవ జూలియస్ పోపు కోరికపై పియాచెంజా పట్టణంలోని సిక్స్టస్ చర్చి కోసం గీసిన మరియమ్మ చిత్రం అడుగున, చేతులు ఆనించుకుని పైకి చూసే ఇద్దరు పిల్లలు. 1754లో ఆ చిత్రం జర్మనీలోని డ్రెస్డెనుకు చేరింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మాస్కోకు పోయి, 1955లో తిరిగి వచ్చింది. ఈ మధ్యలో ఆ ఇద్దరు పిల్లలను పెద్ద చిత్రం నుండి విడదీసి కార్డుల మీద, కప్పుల మీద అచ్చు వేయడం మొదలైంది. కత్తిరించిన బొమ్మలో వారు అల్లరి ఆలోచనల్లో ఉన్నట్టు ఉంటారు. పూర్తి చిత్రంలో చూస్తే వారి చూపు మన చూపును పైకి లాగుతుంది: తెర తొలగింది, బిడ్డను ఎత్తుకుని తల్లి మబ్బుల మీద నడచి వస్తున్నది, ఆ బిడ్డకు ఏమి జరగబోతుందో ఆమె కళ్ళకు తెలుసు. ఆ ఇద్దరూ మన ప్రపంచానికీ ఆ ప్రపంచానికీ మధ్య గడప మీద ఉన్నారు. గడప తీసేస్తే మిగిలేది ముద్దొచ్చే బొమ్మ మాత్రమే.

రెక్కలు లేని పసివారు

ఇక్కడ ఒక్కక్షణం ఆగి మరొక రకం పిల్లలను చూడాలి. ఫ్లారెన్సులో దిక్కులేని శిశువుల కోసం ఒక ఆశ్రమం కట్టినారు. 1419లో బ్రూనెలెస్కి నమూనాతో పని మొదలైంది. 1445 ఫిబ్రవరి 5న చేరిన మొదటి బిడ్డ ఒక ఆడపిల్ల. 1487లో ఆ భవనం ముఖద్వారపు కమానుల మధ్య ఆండ్రియా దెల్లా రొబ్బియా నీలిరంగు గుండ్రని పలకల మీద తెల్లని శిశువులను కాల్చిన మట్టితో చేసి పెట్టినాడు. వారికి రెక్కలు లేవు, విల్లు లేదు, దండ లేదు. ఒంటికి చుట్టిన గుడ్డ ఉన్నది. కొందరికి అదీ విడిపోతున్నది. చేతులు రెండూ చాచి ఉన్నాయి. హేరోదు రాజు చంపించిన నిర్దోష శిశువులకు వారు సంకేతం. కాని గడప దగ్గర వదిలి వెళ్ళిన బిడ్డలకు వారే అద్దం.

సంపన్నుల గోడల మీద బంగారు వన్నెతో ఎగిరే బాలుడూ, ఆశ్రమం గోడ మీద చేతులు చాచే బిడ్డా ఒకే నగరంలో, ఒకే శతాబ్దంలో పుట్టినారు. కళ అందాన్ని మాత్రమే చూసిందనేవారికి ఈ రెండవ బిడ్డ జవాబు. సంకేతార్థాన్ని చదివేటప్పుడు ఆ బొమ్మ ఎవరి డబ్బుతో, ఎవరి గోడ మీద, ఎవరు చూడటానికి చేసినారు అనే ప్రశ్న కూడా వేసుకోవాలి.

మన గడ్డ మీద మాలాధారులు

ఇక మన సంగతికి వద్దాం. ఖమ్మం నుండి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో నేలకొండపల్లి ఉన్నది. అక్కడి మట్టికోట దిబ్బలను జనం విరాటరాజు గద్దె అంటారు. ఊరిపక్కనే ఇటుకలతో కట్టిన పెద్ద బౌద్ధ స్తూపం. పురావస్తు శాఖవారి తవ్వకాలలో విహారాల పునాదులు, సున్నపురాతి బుద్ధవిగ్రహాలు బయటపడినాయి. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు కూడా ఇదే. కృష్ణాతీరపు బౌద్ధకళ మన మున్నేరు, పాలేరు పరీవాహక ప్రాంతాల దాకా వ్యాపించిందనడానికి ఈ స్తూపమే సాక్షి.

ఆ కళకు తల్లివేరు అమరావతి. క్రీ.శ. 2వ శతాబ్దం నాటి అమరావతి మహాస్తూపం చుట్టూ ఉండిన రాతికంచె పైవరసను ఉష్ణీషం అంటారు. దాని బయటివైపు అలలు అలలుగా సాగిపోయే లావుపాటి పూలదండ చెక్కి ఉంటుంది. ఆ దండను భుజాల మీద మోస్తూ వరుసగా మనుషులు. అక్కడక్కడ బొజ్జ గల పొట్టి యక్షులు. లుక్కాలో ఇలారియా సమాధి చిత్రాన్నీ, ఈ ఉష్ణీషం చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. మధ్య దూరం వేల మైళ్ళు, 1200 సంవత్సరాలు!

ఈ పోలిక ఎట్లా వచ్చింది? మధ్యదారిలో కొన్ని మైలురాళ్ళు దొరుకుతాయి. పెషావరు దగ్గర 1908–09లో బయటపడిన కనిష్కుని ధాతుపేటిక చుట్టూ దండ మోసే పిల్లలున్నారు. వారు రోమన్ పిల్లల బంధువులే; గాంధార శిల్పులు గ్రీకు, రోమన్ పద్ధతులు ఎరిగినవారు. మధ్య ఆసియాలోని మీరాన్ అనే ఎడారి స్థలంలో 1907లో ఆరెల్ స్టైన్ ఒక బౌద్ధాలయం గోడల మీద రెక్కలున్న ముఖాలను, దండ మోసే బాలురను కనుగొన్నాడు. బుద్ధుని గుడిలో రెక్కల దేవత! ఇటు మన తీరానికి రోమన్ ఓడల వర్తకం ఉండేది. కృష్ణా లోయలో రోమన్ నాణేలు దొరికినాయి.

అయితే అమరావతి దండ రోము నుండి దిగుమతి అయిందా? తొందరపడి అవునని అనరాదు. అమరావతి ఉష్ణీషానికి ముందే, క్రీ.పూ. 2వ శతాబ్దపు భార్హుత్ కంచె మీద అలలుగా సాగే తామరతీగ ఉన్నది. సాంచి పడమటి తోరణం మీద బరువు మోసే బొజ్జ యక్షులున్నారు. పితల్‌ఖోరాలో తల మీద పాత్ర పెట్టుకుని నవ్వే యక్షుడున్నాడు. అలతీగా మనదే, పొట్టి యక్షుడూ మనవాడే. బయటి దండ వచ్చి ఈ తీగకు చుట్టుకుని ఉండవచ్చు. అంతా వాళ్ళదే అనడం ఒక దాస్యం. అంతా మనదే, వాళ్ళు మన దగ్గర నేర్చినారనడం ఇంకొక దాస్యం. రాళ్ళు ఈ రెండు మాటలూ చెప్పడం లేదు.

పోలికలో తేడా కూడా చూడాలి. ఇటలీ పుట్టో నిజంగా శిశువు. మన యక్షుడు శిశువు కాడు. కుబేరుని పరివారంలోని పెద్దవాడు. అతని బొజ్జ పసితనపు బొద్దుతనం కాదు, సమృద్ధికి గుర్తు. మనవాళ్ళు బాలుణ్ణి పరివారంలో పెట్టలేదు, పీఠం మీద పెట్టినారు. వెన్న తినే కృష్ణుడు, వటపత్రశాయి ఇందుకు సాక్షులు. ఇక ఎగరడం సంగతి. మన గంధర్వులకు, విద్యాధరులకు సాధారణంగా రెక్కలుండవు. మహాబలిపురంలోని పెద్ద బండ మీద దేవతలు మోకాళ్ళు వంచి, పాదాలు వెనక్కి విసిరి గాలిలో తేలిపోతారు. రెక్క అవసరం పడలేదు. ఇటలీవాడు ఎగరడానికి పక్షిని అడిగినాడు. మన శిల్పి నాట్యాన్ని అడిగినాడు. భద్రాచలంలో సీతారాముల కల్యాణకథ చెప్పేవారు 'దేవతలు పుష్పవృష్టి కురిపించినారు' అన్నప్పుడు మన మనసులో కదిలేది ఈ రెక్కలు లేని మాలాధారులే.

మరి కలిసేది ఎక్కడ? దండ మధ్యలో ఏముందో చూడండి. రోములో దండ మధ్య ఒక మృతదేహం. లుక్కాలో ఇలారియా. పెషావరులో బుద్ధధాతువులు. అమరావతిలో ధాతువులను దాచుకున్న స్తూపం. అన్ని చోట్లా ఆ మాల వెళ్ళిపోయినవారి అవశేషం చుట్టూనే తిరుగుతుంది. మన ఇళ్ళలో పెద్దల ఫొటోకు వేసే దండకు కూడా అర్థం ఇదే కదా! మనిషి పోయినాడు, గౌరవం పోలేదు. దేశాలు వేరు, మతాలు వేరు. కాని మృత్యువు ముందు నిలబడి మనిషి ఎత్తుకున్నది పూలదండనే.

చదవడం రాకపోతే

18వ శతాబ్దం చివర అమరావతి దిబ్బను తవ్వి రాళ్ళు తీసినప్పుడు వాటిని కట్టడాలకు వాడినారు. చాలా రాళ్ళను కాల్చి సున్నం చేసినారు. కర్నల్ మెకంజీ 1816లో తిరిగి వచ్చి చూసేసరికి ఎంతో పోయింది. 1845లో వాల్టరు ఇలియట్ మిగిలినవాటిని తవ్వి మద్రాసుకు పంపినాడు. వాటిలో చాలా భాగం తరువాత లండను చేరింది. నేడు దండ మోసేవారిలో కొందరు చెన్నైలో, కొందరు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నారు. సున్నమైనవారు ఏ గోడలలో ఉన్నారో చెప్పలేం.

ఆ రాళ్ళను కాల్చినవారు దుర్మార్గులని నేననను. వారికి అవి అక్షరాలుగా కనబడలేదు, సున్నపురాయిగా కనబడినాయి. రాఫేలు బాలురను మిఠాయి డబ్బా మీద అంటించేవారికీ అట్లాగే, అక్షరం కనబడలేదు, ముద్దు కనబడింది. ఒకచోట రూపం పోయింది, అర్థం పోయింది. మరొకచోట రూపం కోటి ప్రతులైంది, అర్థం పోయింది. రెండింటికీ మూలం ఒకటే, చదవడం రాకపోవడం.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. చిత్రకళ చదవడానికి ఇటలీ ప్రయాణం అక్కరలేదు. బస్సెక్కితే నేలకొండపల్లి వస్తుంది; ఇంకొంచెం ఓపిక చేస్తే అమరావతి, నాగార్జునకొండ మ్యూజియములున్నాయి. అక్కడ ఏ చిన్న రూపం ఎదురైనా నాలుగు ప్రశ్నలు వేయండి: ఇతని చేతిలో ఏముంది? భుజం మీద ఏ బరువు ఉన్నది? ఎవరి చుట్టూ నిలబడినాడు? ఎవరు చూడాలని నిలబెట్టినారు? ఈ నాలుగింటికీ జవాబు వెదికినవాడికి ఫ్లారెన్సు పరాయిది కాదు, అమరావతి పాతది కాదు. వెదకనివాడికి పాలరాయి అయినా పలనాటి రాయి అయినా ఒకటే. రెండూ సున్నానికే పనికివస్తాయి.